బేస్‌మెంట్‌లో లైన్ క్లియర్

మా నాన్నగారు 2024 వేసవిలో మా ఇంటికి వచ్చి చేసిన మొదటి పని, ఇంట్లో గడియారాలన్నిటినీ ఒకే టైముకి తేవడం. మైక్రోవేవ్ మీద ఒక టైము, అవెన్ మీద ఇంకో టైము, హాల్లో గోడ గడియారం ఏడు నిమిషాలు ముందు. "ఇన్ని టైములు పెట్టుకుని సంసారం ఎలా నడుపుతున్నార్రా?" అన్నారు. ముప్ఫై ఏడేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసి 2008లో రిటైరైన మనిషి. అమ్మ పోయాక అమెరికా రావడం అదే మొదటిసారి.

పెద్దవాళ్ళు ఆరు నెలలకని వచ్చినప్పుడు మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో ఈ పత్రిక చదివే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మొదటి వారం నయాగరా, రెండో వారం గుడి, మూడో వారం నుంచి కిటికీ. పొద్దున్నే మేమిద్దరం ఆఫీసులకి, పిల్లాడు స్కూలుకి పోతే వీధిలో మనిషన్నవాడు కనిపించడు. అమ్మ ఉన్నప్పుడు ఇద్దరూ పేకాడుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు, మళ్ళీ పేకాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఆయన డెక్ మీద కుర్చీ వేసుకుని, మా ఊరి అవతల పోయే గూడ్స్ బండి కూత కోసం చెవి పెట్టుకుని కూర్చునేవారు. "ఇందాకటి బండి నలభై నిమిషాలు లేటు" అనేవారు. ఆ బండికి టైమంటూ ఉంటుందని కూడా మాకు తెలీదు.

మేముండేది ఒహాయోలో. మాకు నాలుగు వీధుల అవతల డెబ్భై దాటిన అమెరికన్ పెద్దాయన ఒకరున్నారు. బయటి నుంచి మామూలు ఇల్లే. బేస్‌మెంట్ మెట్లు దిగితే మాత్రం కొండలు, వంతెనలు, ధాన్యం గోదాములు, వాటి మధ్య నుంచి ఒంటి పట్టాల రైలు మార్గం. అంతా హెచ్.ఓ. స్కేలు, అంటే అసలు దాన్లో ఎనభై ఏడో వంతు. ఎనభై ఏడు అడుగుల బోగీ ఇక్కడ ఒక్క అడుగు. పట్టాల మధ్య ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు. స్టేషన్లన్నిటికీ చెట్ల పేర్లు: ఎల్మ్, ఓక్, మేపుల్, సీడర్, బర్చ్. ఆవిడకి చెట్లంటే ఇష్టమట. "నా బేస్‌మెంట్ అంతా నువ్వు తీసుకున్నావు, పేర్లైనా నన్ను పెట్టనీ" అందట.

ఆయన్ని కనిపెట్టింది మావాడు. ఒక నవంబరులో లైబ్రరీలో పెట్టిన చిన్న ప్రదర్శన దగ్గర అతుక్కుపోయి, ఆయన దగ్గర ఫోన్ నంబరు రాయించుకొచ్చాడు. అప్పటికి వాడికి పదేళ్ళు. అప్పటి నుంచి నెలకో శనివారం సాయంత్రం తండ్రీ కొడుకులం అక్కడే. మొదట్లో నేనూ మీలాగే అనుకున్నాను: పెద్దవాళ్ళు బొమ్మ రైళ్ళు గుండ్రంగా తిప్పుకుని మురిసిపోతుంటారని. అక్కడ ఒక్క బండీ గుండ్రంగా తిరగదు. ప్రతి బండికీ బయలుదేరే చోటు, చేరే చోటు, మధ్యలో పని ఉంటాయి. ప్రతి వ్యాగన్‌కీ ఒక కార్డు, ఆ కార్డులో అది ఏ ఫ్యాక్టరీకి ఏం మోసుకెళ్ళాలో రాసిన చీటీ. గోడ మీది గడియారం నాలుగు రెట్ల వేగంతో తిరుగుతుంది. మనం మూడు గంటలు ఆడితే రైల్వేలో పన్నెండు గంటలు గడిచినట్టు. పది మంది దాకా వస్తారు. ఒకరు యార్డు చూస్తారు, మిగిలిన వాళ్ళు డ్రైవర్లు, ఒకరు డిస్పాచర్. దీన్ని వాళ్ళు ఆపరేటింగ్ సెషన్ అంటారు. 1940లలోనే ఫ్రాంక్ ఎలిసన్ అనే ఆయన మోడల్ రైల్వేని నాటకరంగంతో పోల్చి వ్యాసాలు రాశాడు. రైళ్ళు పాత్రధారులు, టైంటేబులే నాటకం.

నాకు మెల్లిగా డిస్పాచర్ పని అంటగట్టారు. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, చేతులతో వ్యాగన్లు ఎక్కడ పడేస్తానోనన్న భయమేమో. డిస్పాచర్ గది అంటే పెద్దాయన ఇంట్లో బట్టలుతికే గది. వాషింగ్ మెషీన్ పక్కన చిన్న బల్ల, చెవులకి హెడ్‌సెట్, కాయితాల కట్ట. అక్కడి నుంచి ఒక్క పట్టా కూడా కనిపించదు. కనిపించకూడదనే ఆ ఏర్పాటు. నిజం డిస్పాచర్లకీ కనిపించదు. ఒమాహాలోనో ఫోర్ట్‌వర్త్‌లోనో కూర్చుని, వందల మైళ్ళ అవతల బండ్లని నడిపిస్తుంటారు. ఇండియాలో ఒకప్పుడు సెక్షన్ కంట్రోలరు డివిజన్ ఆఫీసులో కూర్చుని, గ్రాఫు కాయితం మీద పెన్సిలు గీతలతో బండ్లని నడిపించినట్టే.

ఒంటి లైను మీద ఎదురెదురుగా బండ్లు నడపడం ఎంత ప్రమాదమో మొదటి తరం వాళ్ళకి బాగా తెలుసు. మొదట్లో టైంటేబులే దిక్కు. ఫలానా చోట ఎదురు బండిని దాటాలని అందులో ఉంటే, ఆ బండి వచ్చేదాకా కదలడానికి వీల్లేదు. 1851లో ఈరీ రైల్‌రోడ్ సూపరింటెండెంట్ చార్లెస్ మైనాట్ న్యూయార్క్ రాష్ట్రంలోని టర్నర్స్ అనే స్టేషన్లో ఇలాగే ఇరుక్కుపోయాడు. ఎదురు బండి ఎంతకీ రాదు. ఆయన ముందు స్టేషనుకి టెలిగ్రాఫ్ కొట్టించి, ఎదురు బండి వస్తే అక్కడే ఆపమని చెప్పి, తన డ్రైవరుకి వెళ్ళమని కాయితం రాసిచ్చాడు. డ్రైవరు ససేమిరా అన్నాడు. తీగ మీద వచ్చిన మాట నమ్మి ప్రాణాలు తీసుకోనన్నాడు. మైనాట్ తనే ఇంజనెక్కి బండి నడిపాడు. ఆ డ్రైవరు ఆఖరి బోగీలో వెళ్ళి కూర్చున్నాడట, గుద్దుకుంటే దూరంగా ఉండొచ్చని. బండి క్షేమంగా వెళ్ళింది, అక్కడి నుంచి మళ్ళీ తంతి, మళ్ళీ ఇంకో స్టేషను. అమెరికాలో ట్రైన్ ఆర్డరు పుట్టిన కథ ఇది. మావాడికి మాత్రం మైనాట్ కన్నా ఆ డ్రైవరే నచ్చాడు. "ఆయన చేసిందే కరెక్ట్ కదా డాడీ?" అంటాడు.

తరవాత చాలా వచ్చాయి. ఒక్క మనిషి గదిలో కూర్చుని మీటలతో దూరంగా ఉన్న సిగ్నళ్ళనీ పాయింట్లనీ తిప్పే పద్ధతి 1927లో మా ఒహాయోలోనే మొదలైంది. మా బేస్‌మెంట్‌లో సిగ్నళ్ళు లేవు. అక్కడ నడిచేది ట్రాక్ వారంట్ పద్ధతి. అమెరికాలో సిగ్నళ్ళు లేని లైన్ల మీద అనుమతి రేడియోలో, నోటి మాటగా, కాయితం మీద ఇచ్చే పద్ధతి ఇది.

డిస్పాచర్ చెప్తాడు: "ట్రాక్ వారంట్ నంబర్ పధ్నాలుగు. ఇంజన్ 3021కి. ఎల్మ్ నుంచి మేపుల్ దాకా మెయిన్ లైన్ మీద వెళ్ళవచ్చు." డ్రైవరు దాన్ని ఫారం మీద రాసుకుంటాడు. రాసుకున్నది మొదటి నుంచీ తిరిగి చదువుతాడు, అంకెలు ఒక్కొక్కటిగా, స్టేషన్ పేరు అక్షరాలు విడదీసి. అతను చదువుతుంటే డిస్పాచర్ తన పుస్తకంలో ఒక్కో మాట కిందా గీత గీసుకుంటూ పోతాడు. అంతా సరిపోయాక "ఓకే" అని టైము చెప్తాడు. ఆ ఓకే, ఆ టైము రెండూ డ్రైవరు ఫారం మీద పడేదాకా అది ఉత్త కాయితం. బండి అంగుళం కదలకూడదు. పని అయ్యాక డ్రైవరు, తను ఫలానా చోట మెయిన్ లైన్ ఖాళీ చేశానని చెప్పాలి. అప్పుడు డిస్పాచర్ ఆ వారంటు కొట్టేసి, అదే లైను ఇంకొకరికి ఇస్తాడు.

ఇంత చాదస్తం అవసరమా అని మీకు అనిపించవచ్చు. మా పెద్దాయన ఈ విషయంలో నవ్వడు. లైన్ వదిలేటప్పుడు పాయింట్లు తిరిగి మెయిన్ లైన్‌కి పెట్టి తాళం వేశామని ప్రతి డ్రైవరూ ప్రతిసారీ నోటితో చెప్పాల్సిందే. 2005 జనవరిలో సౌత్ కరొలైనాలోని గ్రానిట్‌విల్‌లో, సిగ్నళ్ళు లేని ఇలాంటి లైన్ మీదే, ఒక సిబ్బంది సాయంత్రం పని ముగించుకుని పాయింట్లు పక్క లైన్‌కే వదిలేసి వెళ్ళిపోయారు. తెల్లవారుజామున వచ్చిన గూడ్స్ ఆ పక్క లైన్లోకి దూరి ఆగి ఉన్న బండిని గుద్దింది. ట్యాంకరు పగిలి క్లోరిన్ లీకై తొమ్మిది మంది చనిపోయారు. పెద్దాయన జీవితమంతా రైల్వేలో డిస్పాచర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయనకిది ఆట కాదు, లేదా ఆట కూడా అలాగే ఆడాలని ఆయన నమ్మకం.

ఆ జూలై శనివారం నాన్నగారిని ఇంట్లో ఒంటరిగా వదిలేయలేక మాతో తీసుకెళ్ళాను. రైల్వేలో చేశారని చెబితే పెద్దాయన రెండు చేతులతో కరచాలనం చేసి, మేపుల్ స్టేషన్ దగ్గర స్టూలు వేశాడు. నాన్నగారు కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నారు. మాట్లాడలేదు. నేను బట్టల గదిలోకి వెళ్ళిపోయాను.

రెండో గంటలో నా బుర్ర వేడెక్కింది. అయిదు బండ్లు లైన్ మీద. నలుగురు ఒకేసారి పిలుస్తున్నారు. ఎల్మ్ నుంచి మేపుల్‌కి వారంటు ఇచ్చిన లోకల్ బండి రేడియోలో "ఎట్ మేపుల్" అంది. అమ్మయ్య, చేరింది అనుకుని ఆ వారంటు మీద గీత కొట్టేశాను. సీడర్ దగ్గర గంట నుంచి విసుక్కుంటున్న బొగ్గు బండికి మేపుల్ మీదుగా ఎల్మ్ దాకా వారంటు ఇచ్చేశాను. తిరిగి చదివించుకున్నాను, గీతలు గీశాను, ఓకే చెప్పాను, టైము చెప్పాను. పద్ధతి అంతా పాటించాను.

రెండు నిమిషాలకి బయట నుంచి కేక. తరవాత నిశ్శబ్దం. తరవాత నవ్వులు.

హెడ్‌సెట్ తీసి బయటికి వచ్చాను. మేపుల్ స్టేషను ఇవతల వంతెన మీద బొగ్గు బండి ఇంజను, లోకల్ బండి ఇంజను ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. మధ్యలో నా చూపుడు వేలు దూరుతుందేమో. లోకల్ బండి మేపుల్‌కి చేరిన మాట నిజమే. అక్కడి పక్క లైన్ నిండా ఎవరో వ్యాగన్లు వదిలేసి ఉండటంతో అది మెయిన్ లైన్ మీదే ఆగి ఉంది. ఇలా ఎదురెదురుగా వచ్చి ఆగడాన్ని అమెరికన్ రైల్వే వాళ్ళు "కార్న్‌ఫీల్డ్ మీట్" అంటారు. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటిసారి చేసిన వాళ్ళందరికీ చప్పట్లు కొడతారట. మావాడు సిగ్గుతో తల దించుకున్నాడు. బొగ్గు బండి డ్రైవరు వాడే.

నాన్నగారు నవ్వలేదు. స్టూలు మీంచి లేచి, ఆ రెండు ఇంజన్లనీ దగ్గరగా వంగి చూసి, "పదరా ఇంటికి వెళ్దాం" అన్నారు.

కారులో చాలాసేపు మాట్లాడలేదు. తరవాత వెనక సీట్లో కూర్చున్న మనవడిని అడిగారు: "చేరిందంటే ఏమిట్రా?" వాడు తెల్లమొహం వేశాడు. "చేరిందంటే ఇంజను చేరింది. క్లియరైందంటే ఆఖరి డబ్బా లోపలికొచ్చింది. మీ నాన్న మొదటిది విని రెండోది రాసుకున్నాడు."

ఇక్కడ పిల్లల కోసం కొంచెం చెప్పాలి. మీ ఇంట్లో మెట్లు ఒక్కరే పట్టేంత ఇరుకనుకోండి. ఒక గరిటె పెట్టి, గరిటె చేతిలో ఉన్నవాళ్ళే మెట్లెక్కాలి, దిగాలి అని రూలు పెట్టుకోండి. ఇద్దరూ ఎదురు పడే ప్రశ్నే లేదు. కానీ ఒకడు గరిటెతో పైకెళ్ళిపోయాక, వాడి వెనకే ఇంకొకడు ఎక్కాలంటే? గరిటె పైన ఉండిపోయింది! దీనికి రైల్వే వాళ్ళు కనిపెట్టింది నీల్స్ బాల్ టోకెన్ యంత్రం. రెండు స్టేషన్లలోనూ ఒక్కో యంత్రం, ఒక్కోదాన్లో బోలెడు లోహపు బంతులు, రెంటికీ మధ్య కరెంటు తీగ. అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుని తన వైపు నుంచి సహకరిస్తేనే ఇవతల ఒక బంతి బయటికి వస్తుంది. అది బయట ఉన్నంతసేపు రెండు చోట్లా ఇంకో బంతి రాదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, బెత్తం రింగుకి కట్టి డ్రైవరుకి అందిస్తారు. నా చిన్నప్పుడు స్టేషన్లో ఆగకుండా పోయే బండికి పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆ రింగు అందించడం, డ్రైవరు చెయ్యి చాచి భుజానికి తగిలించుకోవడం చూడటానికే స్కూలు ఎగ్గొట్టేవాళ్ళం.

నాన్నగారు ఆ రోజు కారులో చెప్పిన సంగతి నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. 1970ల చివర్లో, నల్లమల అడవి అంచున ఒక చిన్న మీటర్ గేజ్ స్టేషన్లో ఆయన రాత్రి డ్యూటీ. కుండపోత వాన. స్టేషన్లో ఒక ప్యాసింజరు బండి ఆగి ఉంది. ఎదురుగా ఘాట్ దిగి ఒక గూడ్స్ రావాలి, అది వచ్చాక ప్యాసింజరు అదే లైన్లోకి బయలుదేరాలి. గూడ్స్ వచ్చింది. ఫైర్‌మన్ టోకెన్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ బంతిని యంత్రంలో వేస్తే లైను మూసుకుంటుంది. అవతలి మాస్టరుని అడిగి ప్యాసింజరుకి ఇంకో బంతి తీసుకోవచ్చు. ప్యాసింజరు డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి తొందర పెడుతున్నాడు. పాయింట్స్‌మన్ తడిసి ముద్దై వచ్చి "వచ్చేసిందండీ" అన్నాడు.

"టెయిల్ ల్యాంప్ చూశావా?" అని అడిగారట నాన్నగారు.

"వానలో ఏం కనపడతదండీ. బండి మొత్తం లోపలే ఉంది."

బండి ఆఖరి డబ్బా వెనక ఎర్ర దీపం చూస్తే తప్ప బండి పూర్తిగా వచ్చినట్టు కాదు. మీరు ఇండియా వెళ్ళినప్పుడు ఏ రైలు వెనకైనా చూడండి, ఎల్.వి. అని రాసిన పలక ఉంటుంది, చివరి డబ్బా అని అర్థం. దాని పని అదే. నాన్నగారు బంతిని జేబులో వేసుకుని, లాంతరూ గొడుగూ తీసుకుని బండి వెంట నడిచారు. గొడుగు మధ్యలోనే ఎగిరిపోయింది. చివరికి చేరేసరికి అక్కడ గార్డు బ్రేక్‌వ్యాన్ లేదు. ఒక వ్యాగన్, దాని వెనక తెగిన కప్లింగు, చీకటి. మిగిలిన ఏడు వ్యాగన్లూ గార్డుతో సహా ఘాట్ మీద ఎక్కడో ఉండిపోయాయి. ఆ రోజుల్లో గూడ్స్ బండ్లలో వెనక వ్యాగన్లన్నిటికీ బ్రేకు పైపులు కలిపి ఉండేవి కావు, తెగినా డ్రైవరుకి తెలిసేది కాదు.

"బంతి నా జేబులోనే ఉంది" అన్నారు నాన్నగారు. రెండుసార్లు అన్నారు.

"తరవాత ఏమైంది తాతయ్యా?"

"ఏమవుతుంది? ఇంజను వెళ్ళి వాటిని తెచ్చింది. ప్యాసింజరు మూడు గంటలు లేటు. జనం నన్ను తిట్టారు. రిజిస్టరులో రెండు లైన్లు రాశాను. పొద్దున ఇంటికెళ్తే మీ నాయనమ్మ, ఇంత తడిసేదాకా ఏం చేశారని కేకలేసింది."

నా చిన్నప్పుడు నన్ను కొట్టుకి పంపితే, ఏం తేవాలో నా నోటితో ఒకసారి చెప్పించి గానీ గడప దాటనిచ్చేవారు కాదు. "అర కిలో కందిపప్పు, పావు కిలో చింతపండు, ఒక అగ్గిపెట్టె." ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటి నుంచి. నా స్నేహితుల ముందు కూడా. ఆ వయసులో నాకెంత కోపంగా ఉండేదో. ఆ రాత్రి మా ఇంటి డ్రైవ్‌వేలో కారు ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఆగస్టు సెషనుకి నాన్నగారే ముందు తయారయ్యారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. పెద్దాయన ఆయన్ని బట్టల గదిలో కూర్చోబెట్టి హెడ్‌సెట్ పెట్టాడు. నాన్నగారి ఇంగ్లీషు సినిమాల ఇంగ్లీషు కాదు, రైల్వే ఇంగ్లీషు. తక్కువ మాటలు, ఒక్కటీ వృథా పోదు. అమెరికన్లకి మా యాస కష్టమేమోనని నేను భయపడ్డాను కానీ, వాళ్ళకి నా ఇంగ్లీషు కన్నా ఆయనదే తేలిగ్గా అర్థమైంది. ఆయన ఒక కొత్త సంగతి కూడా నేర్పి వచ్చారు. ఇండియాలో స్టేషన్ మాస్టర్లకి వరస లేని అంకెలున్న కాయితం ఒకటి ఇస్తారు, ప్రైవేట్ నంబర్లంటారు. ముఖ్యమైన మాట ఖాయం చేసేటప్పుడు ఒక నంబరు చెప్పి, కాయితం మీద దాన్ని కొట్టేస్తారు. ఎవడో మధ్యలో దూరి "సరే" అన్నా, అలవాటుగా "సరే సరే" అన్నా చెల్లదు. నంబరు చెప్పాలి, అవతలివాడు రాసుకోవాలి. పెద్దాయన ఇది విని మొహం వెలిగించుకుని, మర్నాడే కంప్యూటర్లో అలాంటి కాయితాలు అచ్చు వేసి పెట్టాడు.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక కబురు. 1946లో మొదలైన ఎం.ఐ.టి. మోడల్ రైల్‌రోడ్ క్లబ్బు గురించి వినే ఉంటారు. రైళ్ళు నడపడానికి టెలిఫోన్ రిలేలతో బల్ల కింద తీగల అడవి అల్లిన కుర్రాళ్ళు వాళ్ళు. "హ్యాక్" అన్న మాటని మనం వాడే అర్థంలో ప్రచారంలోకి తెచ్చింది వాళ్ళే. 1984లో వచ్చిన స్టీవెన్ లెవీ పుస్తకం "హ్యాకర్స్" వాళ్ళతోనే మొదలవుతుంది. మనం రోజూ రాసే ప్రోగ్రాముల్లో రెండు పనులు ఒకే వస్తువు కోసం కొట్టుకోకుండా తాళం వేస్తాం కదా, నీల్స్ బంతి అంతకన్నా ఏం కాదు. ఈ మాట నాన్నగారితో అంటే, "మరి నీకు ముందే తెలిసినప్పుడు ఆ రోజు ఎందుకు తప్పు చేశావు?" అన్నారు. జవాబు లేదు.

"ఇప్పుడు ఇదంతా కంప్యూటరే చూసుకుంటుందిగా తాతయ్యా" అని మావాడు అడిగాడు ఒకసారి. నిజమే. అమెరికాలో 2008లో చట్టం చేసి, డ్రైవరు పొరబడినా బండిని ఆపే వ్యవస్థ పెట్టించారు. ఇండియాలో కవచ్ ఉంది. ప్రయాణికుల బండ్ల మీద దాని తొలి ప్రయోగాలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే 2016లో జరిగాయి. నాన్నగారికి అవన్నీ తెలుసు, పేపర్లో కత్తిరించి పెట్టుకున్నారు కూడా. "మంచిదే. మా పాయింట్స్‌మన్లు వానలో తడవక్కర్లేదు" అన్నారు.

ఆ రోజు మావాడు సీడర్ నుంచి పిలిచాడు. "డిస్పాచర్, 3021 ఎట్ సీడర్."

"ఎట్ సంగతి నేనడగలేదు నాన్నా. క్లియరా?"

కాసేపు ఏమీ లేదు. వాడు బండి వెంట నడిచి వెళ్ళి చివరి డబ్బా చూసి రావడం నాకు కనిపిస్తూనే ఉంది. "క్లియర్ తాతయ్యా. లాస్ట్ కార్ లోపలుంది. పాయింట్లు మెయిన్‌కి పెట్టాను, లాక్ చేశాను."

"టైము?"

"నాలుగు పదకొండు."

"ప్రైవేట్ నంబరు?"

"47."

మీ ఊళ్ళో ఇలాంటి వాళ్ళుంటారా అని అడిగే వాళ్ళకి: తప్పకుండా ఉంటారు. 1935 నుంచి నడుస్తున్న నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్‌కి దేశమంతా శాఖలున్నాయి. నవంబరు నెలలో చాలామంది తమ బేస్‌మెంట్లు తెరిచి అందరినీ రానిస్తారు. శాండియాగో వెళ్తే బాల్బోవా పార్కులోని మోడల్ రైల్‌రోడ్ మ్యూజియం చూడండి. కాలిఫోర్నియా కొండల్లో పొడుగు బండి తన మీంచి తనే దాటిపోయే టెహాచపీ లూపుని అక్కడ హెచ్.ఓ. స్కేలులో కట్టారు. ఖర్చు మాత్రం మీరే అడిగి తెలుసుకోండి. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

నవంబరులో నాన్నగారు నంద్యాల వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు పెద్దాయన వచ్చి, ఆయన రాసిన వారంట్ల పుస్తకం చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకరి యాస ఒకరికి అప్పటికి బాగానే అలవాటైంది కానీ, ఇద్దరూ అంత మాటకారులు కారు.

డిస్పాచర్‌కి పట్టాలు కనిపించక్కర్లేదని మొదట నేను చెప్పాను. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు, మావాడికి తట్టింది. ఇక్కడ శనివారం సాయంత్రం ఏడున్నర అంటే, వేసవి గంటల్లో అక్కడ ఆదివారం తెల్లవారుజాము ఐదు. నాన్నగారు ఎలాగూ నాలుగున్నరకే లేస్తారు. ఇప్పుడు నెలకో శనివారం పెద్దాయన బేస్‌మెంట్‌లో ఎల్మ్ నుంచి బర్చ్ దాకా లైన్ నంద్యాల చేతిలో ఉంటుంది. వెనక నుంచి కోడి కూత, పాలవాడి సైకిలు బెల్లు వినిపిస్తుంటాయి. అమెరికన్లు ఆ కోడికి కూడా అలవాటు పడిపోయారు.

పోయిన నెల మధ్యలో నంద్యాలలో కరెంటు పోయి ఫోను కట్టయింది. ఏడు నిమిషాలు. గోడ గడియారం లెక్కలో అరగంట. మళ్ళీ లైన్లోకి వచ్చేసరికి మూడు బండ్లూ ఎక్కడివక్కడే ఆగి ఉన్నాయి, డ్రైవర్లు కాఫీ తాగుతున్నారు.

"ఎవరూ కదల్లేదు కదా?" అన్నారు నాన్నగారు.

"లేదు తాతయ్యా. నువ్వు ఓకే చెప్పలేదుగా."

"సరే. రాసుకో. ట్రాక్ వారంట్ నంబర్ ఇరవై రెండు..."